వణికే బండిలో తుంగతుర్తికి

మాది తుంగతుర్తి అని చెప్పగానే "అది తుంగభద్ర ఒడ్డునా?" అని అడిగే మిత్రులు మా కళాశాలలో ఇప్పటికీ ఇద్దరు ముగ్గురున్నారు. మా ఊరి పేరులో తుంగ ఉన్నది గాని భద్ర లేదని నేను నవ్వుతూ జవాబు చెప్పేవాణ్ణి. క్రిందటి దసరా సెలవులలో మేము చేసిన ప్రయాణం తరువాత ఆ చమత్కారాన్ని మానుకున్నాను. ఎందుకు మానుకున్నానో చెప్పడానికే ఈ వ్యాసం.

తుంగతుర్తి సూర్యాపేట జిల్లాలోది. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ఏర్పడే వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివినవారికి ఈ ప్రాంతం కొత్త కాదు. భీంరెడ్డి నర్సింహారెడ్డిగారు, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యంగారు ఈ చుట్టుపక్కల పల్లెలలో పెరిగినవారే. 2022లో కన్నుమూసిన స్వరాజ్యంగారు 1978లోనూ, 1983లోనూ తుంగతుర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. ఆమె ఎన్నికల సభకు ఎడ్లబండి కట్టించుకొని వెళ్ళామని మా అమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. హైదరాబాదులో మా దగ్గరే ఉంటున్నది. రెండేళ్ళుగా చేతులు కొంచెం వణుకుతున్నాయి. వక్కాకు డబ్బా మూత తీయడానికి కూడా మా అబ్బాయిని పిలుస్తుంది. "ఈయేడు సద్దుల బతుకమ్మ మన ఊర్లనే ఆడాలె కొడుకా" అని శ్రావణం నుంచే మొదలుపెట్టింది. సరేనన్నాను.

మా కారు ఒకరి చేతిలో కొంత నలిగి నా చేతికి వచ్చిన బండి. అందులో నేను చక్రం ముందు, పక్కన మా శ్రీమతి, వెనక ఎడమవైపు అమ్మ, కుడివైపు ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అబ్బాయి కూర్చున్నాము. తెల్లవారకముందే ఎల్బీనగర్ దాటాము. విజయవాడ రహదారిని ఒకప్పుడు తొమ్మిదో నెంబరు రోడ్డు అనేవారు. ఇప్పుడు అరవై ఐదు. పేరు మారినా, రెండు వరుసలు నాలుగైనా, దారి పక్కన తంగేడు మాత్రం మారలేదు. బతుకమ్మకోసమే పూసినట్టు పచ్చగా విరగబూసి ఉన్నది.

చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు దాటి బండిని కొంచెం తోలాను. ముల్లు ఎనభై మీదికి రాగానే స్టీరింగు నా చేతులలో గజగజలాడటం మొదలుపెట్టింది. తొంభై దగ్గర మరీ ఎక్కువైంది. వందకు దగ్గరవుతుంటే కొంత తగ్గినట్టనిపించింది. డెబ్బైకి దిగితే ఏమీ లేదు! "రోడ్డు బాగులేదు" అన్నాను. రోడ్డు అద్దంలా ఉన్నదని మా శ్రీమతి అన్నది. నేను వినిపించుకోలేదు.

వెనకనుంచి అమ్మ, "నా కింద ఏందో లేస్తున్నది, పడుతున్నది బిడ్డా" అన్నది.

"స్టీరింగు వణుకుతోంది అమ్మా, అదే నీకు తెలుస్తోంది" అన్నాను.

మా అబ్బాయి లెక్కల మనిషి. నార్కట్‌పల్లిలో టీ తాగుతూ కాగితం రుమాలు మీద లెక్క కట్టాడు. గంటకు తొంభై కిలోమీటర్లంటే సెకనుకు ఇరవై ఐదు మీటర్లు. మా బండి చక్రం ఒక్కసారి తిరిగితే రమారమి 1.8 మీటర్లు పోతుంది. అంటే సెకనుకు పదమూడు పద్నాలుగు చుట్లు. చక్రపు అంచున ఒకచోట కేవలం ముప్పై గ్రాముల బరువు ఎక్కువైతే, ఆ వేగంలో అది సుమారు నాలుగు కిలోల బలంతో చక్రాన్ని అటూ ఇటూ గుంజుతుందట, అదీ సెకనుకు పదమూడు సార్లు! వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుందట.

"మరి వంద దగ్గర తగ్గిందేమిరా?" అన్నాను.

"ఊయలను దాని తాళానికి సరిగ్గా తోస్తేనే కదా నాన్నా ఎక్కువ ఊగేది! బండి కింది భాగాలకు కూడా ఒక తాళం ఉంటుంది. చక్రం తాళం దానితో కలిసిన వేగంలో ఎక్కువ ఊగుతుంది. దాటితే కొంత తగ్గుతుంది. తగ్గినంత మాత్రాన రోగం పోయినట్టు కాదు" అన్నాడు. ఛందస్సు చెప్పే నాకు తాళం గురించి వాడు పాఠం చెప్పడం చూసి మా శ్రీమతి ముసిముసిగా నవ్వింది.

నకిరేకల్ దగ్గర ఎడమకు తిరిగితే అర్వపల్లి మీదుగా మా ఊరికి దగ్గర దారి. అయినా బండిని చూపిద్దామని తిన్నగా సూర్యాపేట దాకా పోయాము. కొర్లపహాడ్ టోల్‌గేటు, ఆ తరువాత మూసీ వంతెన దాటేసరికి పొద్దు బాగా ఎక్కింది. సూర్యాపేటలో దుకాణాలకు కొదువ లేదు. ఒక టైర్ల దుకాణం ముందు బండి ఆపాను.

అక్కడి పిల్లవాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "సార్, స్టీరింగ్ వణుకుతున్నదా, సీటు వణుకుతున్నదా?"

"తేడా ఏమిటి?"

"స్టీరింగ్ అయితే శానా వరకు ముందు చక్రాలు సార్. సీటు, కింద ఫ్లోరు వణికితే వెనక చక్రాలు."

"స్టీరింగే" అన్నాను. "సీటు గూడ బిడ్డా" అని అమ్మ లోపలినుంచి అన్నది. "ఆమె పెద్దావిడ, చేతులు వణుకుతాయి" అని నేను ఆ పిల్లవాడితో మెల్లగా అన్నాను. మెల్లగా అన్నాననే అనుకున్నాను.

ముందు ఎడమ చక్రం ఊడదీసి వెనక్కు తిప్పేసరికి రోగం కంటికే కనబడింది. రిమ్ము లోపలి అంచున అరచేతిమందం మట్టిపెళ్ళ రాయిలా ఎండి అతుక్కొని ఉన్నది. మూడు వారాల క్రితం నేనొక్కణ్ణే ఊరికి వచ్చి వానలో పొలం దాకా కారు తోలుకొని పోయాను. దమ్ము చేసిన మళ్ళలోనుంచి వచ్చే ట్రాక్టర్లు దారిని కూడా దమ్ము చేసి పెడతాయి. ఆ బురదే ఇది. పచ్చిగా ఉన్నప్పుడు నీళ్ళు కొడితే పోయేది. నేను కారు పైభాగం మాత్రం తళతళలాడేటట్టు తుడిపించి ఊరుకున్నాను. పైమెరుగులకు తృప్తిపడటం సాహిత్యంలో తప్పని పిల్లలకు ఇరవై ఏళ్ళుగా చెబుతున్నవాణ్ణి!

పిల్లవాడు మట్టి గీకి, కడిగి, చక్రాన్ని బ్యాలెన్సింగ్ యంత్రానికి ఎక్కించాడు. యంత్రం దాన్ని గిరగిర తిప్పి, లోపలి అంచున ఇన్ని గ్రాములు, బయటి అంచున ఇన్ని గ్రాములు తక్కువని అంకెలు చూపింది. అంతమేరకు చిన్న బిళ్ళలు రిమ్ముకు కొట్టాడు. వెనుకట ఈ బిళ్ళలు సీసంతో చేసేవారు. ఇప్పుడు ఇనుముతోనూ, జింకుతోనూ కూడా చేస్తున్నారు. రెండో ముందు చక్రానికీ అంతే.

"వెనకవి కూడ చూపించుకోండ్రి సార్, గంటల అయిపోతది" అన్నాడు.

ఆకలి వేళ. ఊళ్ళో చుట్టాలు ఎదురుచూస్తున్నారు. నాలుగు వందలు మిగులుతాయన్న లెక్క కూడా మనసులో లేకపోలేదు. "అక్కరలేదు" అన్నాను.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల నాటి రేచర్ల నాయకులు కట్టించిన గుళ్ళు అక్కడ ఉన్నాయి. పిల్లలమర్రి పినవీరభద్రకవి పాఠం చెప్పినప్పుడల్లా ఆ గుళ్ళ నల్లరాతి స్తంభాలు నాకు కళ్ళముందు మెదులుతాయి. తిరుగు ప్రయాణంలో చూద్దామనుకొని అర్వపల్లి దారి పట్టాము. స్టీరింగు ఇప్పుడు నిశ్చలంగా ఉన్నది. నాకు పట్టరాని సంతోషం. మట్టిపెళ్ళ మీద ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

అర్వపల్లిలో లక్ష్మీనరసింహస్వామి గుట్టకు బండిలోనుంచే నమస్కారం చేసుకున్న అమ్మ, "ఇంక లేస్తనే ఉన్నది కొడుకా. మెల్లగ పోయినా లేస్తున్నది" అన్నది.

నాకు విసుగు వచ్చింది. "బండి బాగైంది. వణికేది నీ చేతులే అమ్మా" అన్నాను.

అమ్మ మరి మాట్లాడలేదు. రెండు చేతులూ కొంగులో దాచుకొని కిటికీలోనుంచి చూస్తూ కూర్చున్నది. అద్దంలో చూశాను గాని, ఊరు దగ్గరపడుతున్న సంబరంలో దాన్ని పట్టించుకోలేదు.

మరునాడు ఉదయం మా అబ్బాయి నన్ను పెరట్లోకి పిలిచాడు. "నాన్నా, నిన్న నానమ్మ చేతులు కొంగులో ఉన్నాయి. వక్కాకు డబ్బా సీటు మీద ఉంది. అయినా అది దారి పొడుగునా కటకటమంటూనే ఉంది. నేను తీసి నా వైపు పెట్టుకున్నాను. శబ్దం తగ్గింది. మళ్ళీ నానమ్మ పక్కన పెట్టాను. మళ్ళీ కటకట" అన్నాడు.

నేను ఏమీ అనలేకపోయాను. వాడు తిట్టినా బాగుండేది.

మా ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. బండి తీసుకొని పోతుంటే అమ్మ కూడా వస్తానన్నది. మేస్త్రీ నా వివరణ సగంలోనే ఆపి, "నువ్వు చెప్పమ్మా. ఆ సీట్ల కూసున్నది నువ్వు గద" అన్నాడు.

అమ్మ చెప్పిన తీరు వింటే ఆశ్చర్యం వేసింది. "మా నాయిన బండికి శీల అరిగితే చక్రం అటిటు పక్కలకు ఊగేది. కందెన లేకుంటే కుయ్యిమనేది. పూటీ కదిలితే చక్రం తిరిగినకొద్ది ఒక్క కాడ్నే ఎత్తేసేది. ఇది అటిటు ఊగుతలేదు, కుయ్యిమంటలేదు. ఒక్క కాడ్నే ఎత్తేస్తున్నది అయ్యా" అన్నది.

"ఇరుసు కాదు, టైరే" అని మేస్త్రీ జాకీ పెట్టాడు. వెనక ఎడమ చక్రం పైకి లేచింది. చేత్తో మెల్లగా తిప్పి, లోపలివైపు వేలు పెట్టి చూపించాడు. టైరు లోపలి చెంప మీద నిమ్మకాయంత బుగ్గ లేచి ఉన్నది! బయటనుంచి చూస్తే టైరు దివ్యంగా ఉన్నది. అమ్మ కూర్చున్న సీటుకు సరిగ్గా కింద.

"గుంతల పడ్డదా సార్?"

పడ్డది. అదే వానరోజున. నీళ్ళు నిండిన గుంత కనబడక ఎడమ వెనక చక్రం దభేలుమని పడ్డది. దిగి బయటనుంచి చూసి, ఏమీ కాలేదని ఎక్కి కూర్చున్నాను.

టైరు రబ్బరు ముద్ద కాదని మేస్త్రీ చెప్పాడు. లోపల దారాలు పొరలు పొరలుగా ఉండి గాలిని పట్టి ఉంచుతాయి. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు నలిగినప్పుడు ఆ దారాలు తెగుతాయి. తెగినచోట లోపలి గాలి రబ్బరును బయటికి నెడుతుంది. దానికి అతుకు పనిచేయదు. ఎండలో, నిండు బరువుతో, తొంభైలో పోతుంటే అది ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. "రోడ్డు మీద పగలలేదు, మీ అదృష్టం" అని మాత్రం అన్నాడు. అమ్మ ఆ మాట విన్నదో లేదో గాని, నేను ఆమె వైపు చూడలేకపోయాను.

టైరు మీద నాలుగంకెలు కూడా చూపించాడు: 3117. అంటే 2017వ సంవత్సరం ముప్పై ఒకటో వారంలో తయారైనదట. ఐదేళ్ళు దాటిన టైరును ఏడాదికోసారైనా చూపించాలనీ, పదేళ్ళు దాటితే అరిగినా అరగకపోయినా తీసివేయాలనీ పేరున్న కంపెనీలు చెబుతున్నాయి. ఆ అంకెలు ఉంటాయని కూడా నాకు తెలియదు.

స్టెప్నీ బిగించేలోగా నేను బుద్ధిమంతుడైన విద్యార్థిలా కూర్చొని ఆయన చేత పాఠం చెప్పించుకున్నాను. కారు ఉన్న గృహస్థులకు పనికివస్తుందని రాస్తున్నాను. ఒక వేగం దగ్గర మొదలై, దాటాక తగ్గే వణుకు సాధారణంగా చక్రాల బరువు సమంగా లేకపోవడం వల్లనే. మెల్లగా పోయినా ఎత్తేస్తున్నదంటే టైరు బుగ్గ లేచిందో, రిమ్ము వంగిందో చూడాలి. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కులు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణికి, కాలు తీస్తే తగ్గితే చక్రాలను తిప్పే షాఫ్టు జాయింట్లు. ఏనుగు ఘీంకరించినట్టు రొద వేగంతోబాటు పెరిగి, మలుపులో మారితే బేరింగు. నిలబడి ఉన్నప్పుడు కూడా వణికితే ఇంజను మౌంటింగులో, ఇంజను సరిగా మండకపోవడమో. బండి ఒక పక్కకు లాగితే, టైరు ఒకవైపే అరిగితే అలైన్‌మెంటు. చక్రాలన్నీ సరిచేశాక కూడా వణుకు పోకపోతే బుష్షులు, బాల్ జాయింట్లు, టై రాడ్లు వదులయ్యాయేమో చూడాలి. అవి వదులైతే చిన్న లోపం కూడా పెద్ద వణుకై కనిపిస్తుంది.

ఇంత చెప్పి చివర, "బండ్ల కూసున్నోళ్ళ మాట వినాలె సార్. తోలేటోనికి ముందటి చక్రమే తెలుస్తది" అన్నాడు. కూలి రెండు వందలు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం చెరువు దగ్గర అమ్మ బతుకమ్మ ఆడింది. వణికే చేతులు చప్పట్లకు మాత్రం తాళం తప్పలేదు. నేను గట్టు మీద కూర్చొని చూశాను. పొద్దు గూకాక పక్కన కూర్చుంటే, "అమ్మా, నిన్న నేను అన్న మాట..." అని మొదలుపెట్టాను. "పోనీయి బిడ్డా. సత్తుపిండి తిను" అని ముద్ద చేతిలో పెట్టింది.

మరునాడు స్టెప్నీతో నెమ్మదిగా సూర్యాపేట పోయి వెనక రెండు టైర్లూ కొత్తవి వేయించాము. అదే దుకాణం, అదే పిల్లవాడు. "నేను చెప్పిన గద సార్" అనలేదు. అది అతని మంచితనం.

సెలవులు అయిపోయి తిరిగివచ్చేటప్పుడు పిల్లలమర్రికి బదులు ఫణిగిరి మీదుగా పోదామని మా అబ్బాయి పట్టుబట్టాడు. నాగారం మండలంలో, పాము పడగలా కనిపించే గుట్ట మీద ప్రాచీన బౌద్ధ విహారాల శిథిలాలు ఉన్నాయి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళివచ్చాయి. 2024లో ఇక్కడి తవ్వకాలలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. అయితే నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఇక్కడ దొరికిన ఒక శాసనం. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని పద్దెనిమిదవ ఏట, రాజవైద్యుడొకడు ధర్మచక్రాన్ని నిలబెట్టించాడని అందులో ఉన్నది. వైద్యుడు నిలబెట్టిన చక్రం! మా మేస్త్రీ గుర్తుకువచ్చాడు.

అమ్మ గుట్ట ఎక్కలేక కింద చెట్టు నీడన కూర్చున్నది. దిగివచ్చి పక్కన కూర్చొని, మా అబ్బాయికి తరగతిలో చెప్పే మాట ఒకటి చెప్పాను. సుఖం అనే మాట ఋగ్వేదంలో రథానికి విశేషణం. హాయిగా సాగిపోయే రథమని అర్థం. 'ఖ' అంటే రంధ్రం, ఇరుసు దూరే రంధ్రం. అది కుదురుగా ఉంటే సుఖమనీ, కుదురు తప్పితే దుఃఖమనీ ఆ మాటలకు పుట్టుక చెప్పే పండితులున్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ వ్యుత్పత్తిని నేను ఎందరికో చెప్పాను. ఇరుసుకు పైన కూర్చున్న మనిషి "లేస్తున్నది బిడ్డా" అంటే మాత్రం వినలేదు.

రహదారి ఎక్కాక ముల్లు ఎనభై దాటింది. తొంభైకి వచ్చింది. స్టీరింగు కదలలేదు. మా అబ్బాయి వక్కాకు డబ్బాను సీటు మీద పెట్టి చెవి ఒగ్గాడు. చప్పుడు లేదు.

"అమ్మా, సీటు ఎట్లున్నది?" అని అడిగాను.

అమ్మ కొంగులోనుంచి చేతులు తీసి ఒడిలో పెట్టుకొని కాసేపు చూసుకున్నది. తరువాత నవ్వి, "ఇప్పుడు వణికేటియి నా చేతులే కొడుకా, బండి కాదు" అన్నది.